అరుపే గానీ పరుగు లేదు

"బండి అరుస్తోందయ్యా, కదలడం లేదు! పోయిన నెల పందెంలో నా పరువు తీసింది నీ పనితనమే," అన్నాడు పెద్దల్లుడు షెడ్డు గుమ్మంలోనే నిలబడి. లోపలికి వస్తే చొక్కాకి గ్రీజు అంటుకుంటుందని అతని భయం.

మెకానిక్ ఆ నాలుగు చక్రాల ఏటీవీ బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని క్లచ్ మూత విప్పుతున్నాడు. ఓడిన ప్రతివాడూ వచ్చి ఇదే మాట అంటాడు. గెలిచినవాడు మాత్రం "నీ పనితనమే" అని చెప్పిన పాపాన పోడు.

"రోలర్లు అరిగాయి సార్. బెల్టు పుల్లీ మీద పైదాకా ఎక్కితేనే వేగం. ఎక్కకపోతే ఇంజను ఎంత గోల పెట్టినా అంతే." మూలనున్న పిల్లల బండిని చూపించాడు. "అదిగో, దానికైతే కావాలనే లోపల ఒక రింగు వేస్తాం. బెల్టు సగంలో ఆగిపోతుంది. పిల్లాడికి చప్పుడు, అమ్మానాన్నలకి నిద్ర."

పెద్దల్లుడు పకపకా నవ్వాడు. "అలాంటి బండి కన్నా గాడిద నయం. నాకు తేలిక రోలర్లు వెయ్యి, గట్టి స్ప్రింగు వెయ్యి, పుల్లీ ముఖం నున్నగా సాన పట్టు. అన్నీ వీడియోల్లో చూశాను, నాకు పాఠాలు చెప్పకు."

సోఫాలు అమ్ముకునే మనిషికి ఇంత వేగం దేనికంటే, అద్దాలు అమ్ముకునే తోడల్లుడి కోసం. నెలకోసారి మామగారి ఇటుకల బట్టీ వెనకున్న మట్టిరోడ్డు మీద ఇద్దరికీ పందెం. మామగారు తువ్వాలు ఊపుతారు, అత్తవారింటి జనమంతా నిలబడి చూస్తారు. గెలిచినవాడు ఆ పూట మామగారి పక్క కుర్చీలో కూర్చుని భోంచేస్తాడు. పెళ్లాలు వడ్డిస్తుంటే, పెరిగి పెద్దవాళ్లయిన ఇద్దరు మగాళ్లు ఆ కుర్చీ కోసం చస్తున్నారు.

ఆ చావు మాట ఊరికే అనడం కాదు. నిరుడు బట్టీ గుంట పక్క మలుపు దగ్గరికి ఇద్దరూ ఒకేసారి చేరారు. నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో అనుకుని, కలిసే గుంటలో పడ్డారు. ఇతనికి భుజం ఎముక విరిగింది, తోడల్లుడికి ముందు పళ్లు రాలాయి. ఆస్పత్రి బల్ల మీద అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. కట్లు విప్పగానే మొగుళ్లు మళ్లీ పందేనికి సిద్ధమయ్యారు. ఎంత ఏడ్చినా వినలేదు.

అదృష్టం కొద్దీ అప్పట్నించి ఆ మలుపు దగ్గర ఇద్దరూ కలవలేదు. ఒకసారి ఇతను ముందుంటాడు, ఒకసారి అతను. గెలిస్తే తన సత్తా, ఓడితే మెకానిక్ చేతగానితనం. ఈ విషయంలో మాత్రం తోడల్లుళ్లిద్దరిదీ ఒకే మాట.

"నువ్వు ఇక్కడే కూర్చో," అన్నాడు వెంట వచ్చిన భార్యతో. "ఇతను పాత సామానే మళ్లీ బిగించకుండా చూడు. చూసినా నీకేం తెలిసి చస్తుందిలే, ఊరికే కళ్లు తెరుచుకుని కూర్చో."

"అలాగేనండీ," అని ఆమె స్టూలు లాక్కుంది. చెల్లెలి మొగుడు చెల్లెల్ని కూర్చోబెట్టేదీ ఈ స్టూలు మీదే, ఇవే మాటలతో.

సాయంత్రం మెకానిక్ తన అలవాటు ప్రకారం, తీసేసిన సామానంతా కాగితంలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. ఇంట్లో పెద్దల్లుడు ఆ పొట్లాన్ని రెండు వేళ్లతో విప్పి చూశాడు. అరిగిన రోలర్లు, నీరసించిన స్ప్రింగు, ఏవో రింగులూ బోల్టులూ.

"ఈ చెత్త నా ఇంట్లో ఎందుకు? పారెయ్."

"అలాగేనండీ."

మర్నాడు చెల్లెలు వచ్చింది. వంటింట్లో అక్కతో కాసేపు గుసగుసలాడి, ఒక స్టీలు డబ్బా పట్టుకుని, మొగుడి బండి ఉన్న షెడ్డుకి బయల్దేరింది.

"మీ ఆయన్ని మూతికి గుడ్డ కట్టుకుని రమ్మను," అన్నాడు బావ. "ఈసారి నా వెనక దుమ్ము ఎక్కువ."

"చెప్తాను బావా."

అన్నట్టే అయింది. మామగారు తువ్వాలు ఊపగానే రెండు బండ్లూ గోల పెట్టాయి. పెద్దల్లుడు మలుపు దాటేసరికి తోడల్లుడు ఇంకా సగం దారిలోనే ఉన్నాడు. అక్కాచెల్లెళ్లు అప్పుడు ఊపిరి వదిలారు.

"చూశావా నా వేగం?" అన్నాడు పెద్దల్లుడు, మామగారి పక్క కుర్చీలోంచి.

"చూశానండీ. మలుపులో మీ పక్కన ఎవరూ లేరు."

"ఎలా ఉంటారే పిచ్చిదానా!"

అవతల తోడల్లుడు బండి చక్రాన్ని కాలితో తన్నుతున్నాడు. "అరుస్తుంది, కదలదు! రేపే ఆ మెకానిక్ దగ్గర పడేసి, వాడు విప్పేదాకా అక్కడే కూర్చో. చూసినా నీకేం తెలుస్తుందిలే!"

"అలాగేనండీ," అంది చెల్లెలు.

ఆ వారంలోనే చెల్లెలు డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

"ఏమ్మా, మీ ఆయన బండి బాగుపడిందా?" బావ వెటకారంగా అడిగాడు.

"బాగుపడింది బావా. మెకానిక్ లోపలిదేదో తీసేశాడు."

"ఏం తీస్తే ఏం లాభం, తోలేవాడు వాడేగా!" తన మాటకి తనే నవ్వుకుని, పెద్దల్లుడు ఫోన్లో మరో క్లచ్ వీడియో పెట్టుకున్నాడు. చూస్తూ చూస్తూనే భార్యని కేకేశాడు. "రేపు నా బండి కూడా షెడ్డుకి పట్టించు. ఇంకాస్త పదును పెట్టాలి. నువ్వు దగ్గరుండు."

"అలాగేనండీ," అంది ఆమె వంటింట్లోంచి.

చెల్లెలు డబ్బా మూత తీసింది. అడుగున, గ్రీజు తుడిచిన ఇనుప రింగు ఒకటి తళతళలాడుతోంది. దాన్ని తీసి అక్క అరచేతిలో పెట్టింది.

"ఇక బావ వంతు, అక్కా."