అడ్డా మీద అయిదు నిమిషాలు

శనివారం ఉదయం ఏడున్నరకు పటాన్‌చెరు కూలీల అడ్డా మీద ఇరవై మంది ఒక్కసారిగా కదలడం మానేశారు. అంతకు ముందు ఎక్కడో ఒక ఈల వినిపించింది.

వాళ్లలో ఒకడు అప్పటికే డీసీఎం వ్యాన్‌లో ఒక కాలు పెట్టాడు. రెండో కాలు రోడ్డు మీదే ఉండిపోయింది. అతని వెనక ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా అందించబోతూ చెయ్యి చాచి ఆగింది. ఇంకొకడు టవల్ దులుపుతూ ఆగాడు.

"ఏందయ్యా, ఎక్కున్రి," అన్నాడు మేస్త్రి నర్సింహులు.

ఎవరూ ఎక్కలేదు.

ఆ రోజు కిష్టారెడ్డిపేటలో అతనికి స్లాబ్ పని ఉంది. ఇంటి యజమాని కైలాసం కిరాణా వ్యాపారి. తొమ్మిదికి రాహుకాలం, ఆలోపు మొదటి తట్ట పడాలన్నాడు. పడకపోతే పై అంతస్తు ఇంకో మేస్త్రికి ఇస్తానన్నాడు. కాంక్రీటు కలిపే మిల్లర్ సైట్ మీదికి వచ్చేసింది. లిఫ్టు బిగించారు. మనుషులే కావాలి.

ఎప్పుడూ వచ్చే రాజవ్వ గుంపు అక్కడే అరుగు మీద కూర్చుని ఉంది. నర్సింహులు కావాలనే వాళ్లను పక్కన పెట్టాడు. స్లాబ్ నాడు పనివాళ్లకు దావత్ ఇవ్వాలి. కైలాసం ఇంట్లో నీసు వండరు కాబట్టి అది మేస్త్రి మీద పడింది. అతను చికెన్ అన్నాడు. రాజవ్వ మటన్ అంది. మాట తెగలేదు. కొత్తగా కనిపించిన ఈ ఇరవై మంది మాత్రం ఏమీ అడగలేదు. చికెన్ అంటే తలూపారు. సాయంత్రం ఎవరి దారిన వాళ్లు రావాలంటే తలూపారు.

ఇప్పుడు తల కూడా ఊపడం లేదు.

"క్యా హువా భాయ్? గాడీ మే చఢో," అన్నాడు, బీహార్ వాళ్లేమోనని. టవల్ మనిషి ముఖం ముందు చిటికె వేశాడు. అతను రెప్ప కొట్టలేదు.

ఫోన్ మోగింది. కైలాసం.

"నర్సింహులూ, పంతులు వచ్చి కూసున్నడు. యాడున్నవ్?"

"బండి ఎక్కుతున్నరు సేటూ."

"ఎక్కుతున్నరా, ఎక్కిన్రా?"

"ఒక కాలు ఎక్కింది."

ఫోన్ పెట్టేశాడు. అరుగు మీద రాజవ్వ తమలపాకు నములుతోంది.

"నీళ్లు సల్లి సూడు మేస్త్రీ," అంది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు.

"నువ్వు ఊకో రాజవ్వా. నా పరేషాన్ల నేనున్న."

అతను మళ్లీ ఆ ఇరవై మంది వైపు తిరిగాడు.

"బేరమా? నోరు తెరిచి చెప్పున్రి. గిట్ల బొమ్మల లెక్క నిలబడితె నాకేం తెలుస్తది? సరే, మటన్. ఐపాయె. ఎక్కున్రి."

ఎక్కలేదు.

"పొద్దుమూకంగ ఇదే బండిల తెచ్చి దింపుత. ఇగ నడువున్రి."

నడవలేదు.

"పొద్దుగాల టిఫిన్ గూడ నాదే. ఇడ్లీ గాదు, పూరీ. అరే, ఇంకేం కావాల్నయ్యా మీకు? నా పాణం కావాల్నా?" చెయ్యి చాచిన అమ్మాయి ముందుకెళ్లి దండం పెట్టాడు. "చెల్లే, నువ్వన్న చెప్పు. పై అంతస్తు పని పోతది నాకు."

అమ్మాయి పెదవి వణికింది.

రోడ్డు మీద బైకులు ఆగాయి. జనం ఫోన్లు పైకెత్తారు. ఒక కంపెనీ బస్సు దారి లేక హారన్ కొడుతూ నిలబడింది. అందులోని షిఫ్టు పనివాళ్లు కిటికీల్లోంచి తొంగిచూశారు.

మళ్లీ ఈల వినిపించింది. ఇరవై మందీ కదిలారు. ఒకరికొకరు చప్పట్లు కొట్టుకున్నారు. వ్యాన్‌లో పెట్టిన కాలు దిగింది.

"సారీ అంకుల్," అంది డబ్బా పట్టుకున్న అమ్మాయి. "నా పేరు అనూహ్య. మేం తెల్లాపూర్ నుంచి వచ్చాం. ఇది ఫ్లాష్ మాబ్. పనివాళ్లు ఒక్క అయిదు నిమిషాలు ఆగిపోతే ఏమవుతుందో జనానికి చూపించాలనుకున్నాం. మీరు చాలా బాగా చేశారు."

"నేనేం చేసిన? మీరు కూలోళ్లు గాదా?"

"సాఫ్ట్‌వేర్, అంకుల్."

"మరి చికెన్ అంటె తలకాయ ఎందుకు ఊపిన్రు?"

"ఈల వినిపించేదాకా కూలీల్లాగే ఉండాలని అనుకున్నాం."

టవల్ మనిషి నర్సింహులు భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీ తీసుకున్నాడు. పెట్రోలు బంకు పక్కన కార్లు ఉన్నాయి. వాళ్లు వాటిలో వెళ్లిపోయారు. కంపెనీ బస్సు కదిలింది.

కైలాసం ఫోన్ మళ్లీ మోగింది. నర్సింహులు తీయలేదు. అరుగు దగ్గరికి వెళ్లాడు.

"లే రాజవ్వా. నీ మందినెక్కియ్యి. జల్దీ."

"మటనేనా?"

"మటనే తల్లీ."

"దింపుడు?"

"దింపుత."

"పూరీ?"

"పెడ్త. వాళ్లకు ఏమేం చెప్పిన్నో అన్నీ మీకు. ఇగ లే, నీకు పుణ్యముంటది."

రాజవ్వ లేచింది. గుంపంతా లేచింది. పారలు, తట్టలు వ్యాన్‌లో పడ్డాయి. డ్రైవర్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. నర్సింహులు ముందు సీట్లో కూర్చొని తలుపు వేసుకున్నాడు. కైలాసానికి తనే ఫోన్ చేసి, బయలుదేరామని చెప్పాడు.

వ్యాన్ వెనక రాజవ్వ ఒక కాలు పైకి పెట్టి, ఇంకా రోడ్డు మీదే ఉన్న తన వాళ్ల వైపు ఒకసారి చూసింది.

ఈసారి ఈల ఎవరూ వెయ్యలేదు. గుంపులో ఒక్కరూ కదల్లేదు.