సిస్టరమ్మ పోసిన నీళ్లు

"మా గుంటడికి మాత్రం ఎందుకు పొయ్యరమ్మా? మేం కిరస్తానీలం కామనా?"

పైడితల్లి సిస్టర్ బెనీటా దారికి అడ్డంగా నిలబడి అడిగింది. ఆ సిస్టర్ల ఆస్పత్రిలో పిల్లల వార్డంతా ఇటు తిరిగింది. తిరగనీ. పైడితల్లి నోటికి మల్కాపురమే జంకుతుంది, వార్డు ఒక లెక్కా!

విశాఖలో స్టీలు ప్లాంటుకు శంకుస్థాపన రాయి తప్ప ఇంకేమీ లేని రోజులవి. పైడితల్లి మొగుడు అప్పలసూరి పోర్టులో కలాసీ. ఎన్నో మొక్కుల తర్వాత పుట్టిన కొడుకు, ఇంకా పేరైనా పెట్టలేదు, జ్వరంతో ఫిట్స్ వస్తుంటే తెచ్చి ఇక్కడ చేర్చారు.

నిన్న పక్క మంచం పిల్లకు సిస్టర్ గిన్నెతో నీళ్లు తెచ్చి నెత్తిన పోసింది. పెదాలు కదిపి ఏదో చదివింది. వెంటనే ఆ పిల్లను లోపలి గదికి మార్చారు. ఆ గదిలో ఫ్యాను కూడా ఉంది. అప్పటినుంచీ పైడితల్లికి కడుపు మండిపోతోంది.

"మీ బాబుకు ఆ అవసరం లేదమ్మా. మందు ఇస్తున్నాం కదా" అంది సిస్టర్.

"మందు అందరికీ ఇత్తన్నారు. నీల్లు కొందరికేటి?"

అప్పలసూరి ఆమె చెయ్యి పట్టి లాగాడు. "ఊరుకోయే! మతంలో కలిపేత్తారంట."

"కలిపీమను. మతం పోతే పోనీ, గుంటడు బతికితే సాలు."

డాక్టర్ అచ్యుతరామయ్యకు అసలు ఆ నీళ్లంటేనే గిట్టదు. "హిందువుల పిల్లలకు మీ బాప్తిస్మమేమిటి సిస్టర్? తల్లికి ఒక్క మాట చెప్పకుండా చేయడం న్యాయమేనా?" అని చాలాసార్లు నిలదీశాడు. ఇప్పుడు తల్లే కోరి అడుగుతుంటే సిస్టర్ కాదంటోంది!

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు వచ్చి పిల్లాణ్ణి చూసి వెళ్లాడు. కాసేపటికి సిస్టర్ తనంతట తానే గిన్నెతో వచ్చింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పంతం నెగ్గక ఏడ్చిందనుకుంది పైడితల్లి. కొంచెం జాలి కూడా పడింది.

"బాబు పేరేమిటమ్మా?"

"ఇంకా ఎట్టనేదమ్మా. మీరే ఎట్టీయండి."

"జోసెఫ్" అంటూ సిస్టర్ పిల్లాడి నెత్తిన మూడుసార్లు నీళ్లు పోసింది. కొన్ని చుక్కలు దుప్పటి మీద పడ్డాయి. పైడితల్లి వంగి ఆమె కాళ్లకు దండం పెట్టింది.

ఆయాలు వచ్చి పిల్లాడి మంచాన్ని లోపలి గదికి తోశారు. పైడితల్లి పక్కనే నడిచింది. ఆనందం పట్టలేకపోయింది. గుమ్మం దగ్గర ఆగి మొగుడికి కేక వేసింది.

"సూసినావా? అడగ్గా అడగ్గా పోసినారు! మాయమ్మకి కబురెట్టు. మిఠాయి అట్రా, వార్డంతా పంచాల!"

డాక్టరు ఇక లాభం లేదని చేతులెత్తేసిన పిల్లలకే సిస్టర్ ఆ నీళ్లు పోస్తుందని పైడితల్లికి ఎవరూ చెప్పలేదు, ఆ డాక్టరు కూడా.