మాట తప్పిన మంచు

ఉత్తరాన మంచు కురిసే అడవి ఒకటుంది. అక్కడి కుందేళ్ళు చలికాలం రాగానే గోధుమరంగు బొచ్చు రాల్చేసి తెల్లబొచ్చు తొడుక్కుంటాయి. మంచులో మంచైపోయి కదలకుండా కూర్చుంటే నక్క పక్కనుంచే పోతుంది. తాతల నాటి పద్ధతి అది.

ఆ ఏడు బొచ్చు తెల్లబడింది గానీ మంచు పడలేదు. నడిచలికాలంలో గడ్డి పచ్చగా ఉంది, దోమలు కూడా లేచాయి. మిగతా కుందేళ్ళు పొదల్లో దూరాయి, ఎండుటాకుల మీద ఒక పెద్ద కుందేలు మాత్రం తెల్లగా మెరిసిపోతోంది. దానికి ఒళ్ళు మండిపోతోంది.

"నా పని నేను చేశానా లేదా? చెవి కొసల దాకా తెల్లబడ్డానా లేదా? మరి ఆ మంచుకేం రోగం వచ్చింది?" అని ఆకాశం మీద విరుచుకుపడింది.

కొమ్మ మీది ఉడుత గొంతు తగ్గించి, "బాబాయ్, నక్క వస్తోంది. తిట్లు తర్వాత, ముందు పొదలో దూరు" అంది.

"నేనెందుకు దూరాలి? తప్పు నాదా? సిగ్గుండాల్సింది మంచుకి! మా తాత కదల్లేదు, మా నాన్న కదల్లేదు, నేనూ కదలను!"

"తప్పు మంచుదే బాబాయ్, కాదన్నానా? కానీ నక్క తినేది మంచుని కాదు!"

కుందేలు వినలేదు. చెవులు వీపుకి ఆనించి, చుట్టూ మంచు ఉన్నట్టే కూర్చుంది.

నక్కకి వెతుక్కునే పని లేకపోయింది.

కాసేపటికి అది మూతి నాక్కుంటూ తలెత్తి, "పాపం, ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదమ్మా" అంది ఉడుతతో.