జబీ చేసిన ధర్మం

అమర్నాథ్ లాంటి పిసినారి ఆ అరబ్బు దేశపు సులై పేట మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడని జబీ తీర్మానించుకున్నాడు.

జబీ కార్ల రిపేరు షెడ్డుకు రకరకాల మనుషులు వస్తారు. గీసిగీసి బేరమాడేవాళ్లు, దబాయించేవాళ్లు, యూట్యూబ్ చూసొచ్చి జబీకే పాఠం చెప్పేవాళ్లు. అందర్నీ భరిస్తాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాణ్ణి మాత్రం భరించలేడు. వాడు ఇంజనీరై, మెడలో కంపెనీ కార్డు కూడా వేలాడేసుకుని వస్తే ఇక ఒళ్లు మండిపోతుంది.

నిజానికి మొదటి అరగంట జబీ అతన్ని గౌరవించాడు. అమర్నాథ్ తన తెల్ల కారుకు బ్రేకులు మార్చమన్నాడు. నాలుగు టైర్లూ కొత్తవి, అవీ మంచివి వేయమన్నాడు. సీటు బెల్టులు ఒక్కొక్కటీ లాగి చూడమన్నాడు. ఇలాంటి ఆసామి నెలకొకడు వచ్చినా చాలనుకున్నాడు జబీ.

కానీ ఆ కారు షెడ్డులోకి వస్తున్నప్పుడే దగ్గింది. అందుకని జబీ బానెట్ ఎత్తి స్పార్కు ప్లగ్గులు విప్పి చూశాడు. గౌరవం అక్కడితో సరి.

నాలుగూ అరిగిపోయి ఉన్నాయి. మొనలు మొద్దుబారి, మసి కట్టి ఉన్నాయి. పైగా నాలుగూ నాలుగు కంపెనీలవి. షాపులో కొన్న సరుకు కాదు. పాత కార్లు విప్పి సామాన్లు అమ్మే తష్లీహ్‌లో నేల మీద ఏరుకొచ్చిన సరుకు.

"ఇవి యాడ దొరికినాయి సార్ మీకు?"

"ఎక్కడివో లెండి. వాటి జోలికి మాత్రం పోకండి."

జబీ ఓపిక పట్టి నచ్చజెప్పాడు. కొత్తవి వేస్తే కారు గుర్రం మాదిరి పోతుందన్నాడు. పెట్రోలు కూడా మిగులుతుందన్నాడు. మిగులుతుందన్న మాటకైనా కదలాలి కదా! అమర్నాథ్ కదల్లేదు. పిసినారితనానికి కూడా కాస్త తెలివి కావాలని జబీకి అప్పుడే తెలిసింది.

"ఇలాగే ఉంటే ఎంత స్పీడు వస్తుందండీ?" అని ఎదురడిగాడా మహానుభావుడు.

"నూటికి పోతే వణుకుతాది. ఆపైన చచ్చినా పోదు."

"చాలు."

వెళ్తూ వెళ్తూ ఇంకో ముక్క కూడా అన్నాడు. తమ్ముడు అడిగితే ప్లగ్గులు మార్చేశామనే చెప్పాలట. జబీకి అసహ్యం వేసింది. కారు నడిపేది ఆ తమ్ముడే. పేరు శ్రీహర్ష. అల్ ఖర్జ్‌లో పాల ఫారం ఉద్యోగానికి రోజూ ఆ కారులోనే వెళ్లొస్తాడు. అన్నగారు హాయిగా కంపెనీ బస్సెక్కి, సొంత తమ్ముడికి తష్లీహ్ సరుకు తగిలించి, పైగా అబద్ధం చెప్పమంటున్నాడు.

పక్క షెడ్డులో టింకరింగ్ చేసే ఖాదర్‌కు ఈ సంగతి చెప్పి ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడే రకం అన్నాడు ఖాదర్. చదువుకున్నోళ్లంతా ఇంతే అన్నాడు జబీ.

నవ్వైతే నవ్వాడు కానీ, ఆ రాత్రి జబీకి అన్నం సయించలేదు. తన షెడ్డులోంచి దగ్గుతూ పోయిన కారు ఇంతవరకూ లేదు. అల్ ఖర్జ్ దాకా ఆ కారు వణుక్కుంటూ పోతే, చూసినవాళ్లు అమర్నాథ్‌ను తిట్టరు. ఏ మెకానిక్ చేశాడురా అని అడుగుతారు. ఈ పిసినారి కక్కుర్తికి తన పేరెందుకు పోవాలి?

మర్నాడు టైర్లు, బ్రేకుల పని అయిపోయాక జబీ తన అరలోంచి నాలుగు కొత్త ప్లగ్గులు తీశాడు. ఒక్కొక్కటి బిగిస్తున్నంతసేపూ అమర్నాథ్‌ను ఒక్కొక్క తిట్టు తిట్టాడు. బిల్లులో రాయలేదు. పాత ప్లగ్గులు చెత్త డ్రమ్ములో పారేశాడు. కావాలంటే వచ్చి ఏరుకుంటాడు, అలవాటే కదా అనుకున్నాడు.

సాయంత్రం కారు కోసం శ్రీహర్ష వచ్చాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. అన్నకు మీటింగు ఉందని, కారు తనని తీసుకెళ్లమన్నాడని చెప్పి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను స్టార్ట్ చేసి ఒక్కసారి తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. పండగ బట్టలు తొడుక్కున్నవాడిలా మొహం వెలిగిపోయింది.

"ఏం చేశారండీ దీన్ని?"

"మీ అన్నకు చెప్పు తమ్ముడూ, జబీ ధర్మం చేసినాడని."

కారు సందు చివర్లో టైర్లు కీచుమనేలా మలుపు తిరిగి ఖర్జ్ రోడ్డు ఎక్కింది. దుమ్ము సర్దుకున్నాక కూడా దాని రొద దూరం నుంచి వినిపించింది. ఒక్క దగ్గు లేదు. జబీ చేతులు తుడుచుకుంటూ ఆ రొద వినబడినంతసేపూ నిలబడి విన్నాడు.

కాసేపటికి అమర్నాథ్ ఫోన్ చేశాడు. తమ్ముడు కారు తీసుకున్నాడా అని అడిగాడు. జబీ ఈ ఫోన్ కోసమే కాచుకుని ఉన్నాడు.

"పోయినాడు సార్. విమానం మాదిరి పోయినాడు. మీ చెత్త ప్లగ్గులు పీకి పారేసి కొత్తవి ఏసినా. మీరేమీ ఇయ్యొద్దులే. తోడబుట్టినోని కోసం నాలుగు ప్లగ్గులు కొనలేనోళ్ల కాడ తీసుకునే ఖర్మ నాకు లేదు."

ఇప్పటికైనా సిగ్గు తగిలుంటుంది అనుకున్నాడు జబీ. ఇంకో నాలుగు అందామని నోరు తెరిచాడు.

"పోయినసారి యాక్సిడెంటు కాలితో పోయింది, మళ్లీ వాడు స్పీడు నూరు దాటించకూడదని, కొత్త ప్లగ్గులు తీసేసి ఆ అరిగినవి ఏరుకొచ్చి పెట్టింది నేనే జబీ భాయ్," అన్నాడు అమర్నాథ్.