మేకలు లేని గుట్ట

గుట్ట మీద ఒక్క మేక లేదు. మహిధర్‌కు అంతకంటే ఏం కావాలి!

"చూసినవారా? ఇయ్యాల దారి మొత్తం మనదే" అన్నాడు, కారు మీంచి సైకిల్ దించుతూ.

కార్తీక్ తన సైకిల్ ఇంకా దించలేదు. ప్రణవి గుట్ట వైపే చూస్తోంది. మే నెల. పొద్దు పొడిచి ఎంతో సేపు కాలేదు, అప్పుడే ఒళ్లు చురచురమంటోంది.

ఈ ముగ్గురూ తాండూరులో ఇంటర్ నుంచీ స్నేహితులు. సెలవు దొరికితే చాలు, గేర్ల సైకిళ్లు కారుకు కట్టుకుని పూడూరు వైపు గుట్టలకు వచ్చేస్తారు. రాళ్ల దారిలో ఎక్కడం, దిగడం, ఒంటి నిండా గీతలతో ఇంటికి పోయి తిట్లు తినడం. అదీ వాళ్ల సరదా.

ఎప్పుడొచ్చినా ఈపాటికి గుట్ట నిండా మేకలుండేవి. కాపరుల ఈలలు వినబడేవి. పోయిన నెల దిగుడులో మంద అడ్డం రావడంతో మహిధర్ ఎగిరి ముళ్లకంపలో పడ్డాడు. మేకలనూ, కాసేవాళ్లనూ, వాళ్ల ఏడు తరాలనూ తిట్టుకుంటూ ఇంటికి పోయాడు. వచ్చే నెల పోటీ ఉంది. ఆలోగా ఒక్కసారైనా ఈ దిగుడును కాలు నేల మీద పెట్టకుండా దిగాలని అతని పంతం.

గుట్ట కింది ఊళ్లో చాయ్ హోటల్ కాశమ్మ పొద్దున్నే చెప్పింది. "పైకి పోకుండ్రి బిడ్డా. చిర్తపులి తిరుగుతున్నది. మా ఊరి వాట్సాప్ గ్రూపుల వీడియో గూడ వచ్చింది. మావోళ్లు మందలను దొడ్లెనే ఉంచుతున్నరు."

"పులీ లేదు, గిలీ లేదు. చాయ్ పొయ్యి అవ్వా" అని నవ్వేశాడు మహిధర్.

ఎక్కుడు మొదలైంది. గాలి లేదు. చక్రాల కింద ఎండుటాకులు పటపటలాడినప్పుడల్లా కార్తీక్ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. సగం ఎక్కాక పక్క పొదలోంచి ఏదో బుర్రుమని లేచింది. కార్తీక్ సైకిల్‌తో సహా బోర్లాపడ్డాడు.

నెమలి.

"వాపస్ పోదాం రా మహీ. నాకు భయమైతుంది" అన్నాడు, లేవకుండానే.

"నెమలికే గిట్ల దడుసుకుంటే ఎట్లరా? లే, లే" అన్నాడు మహిధర్. ఈల వేసుకుంటూ ముందుకు సాగాడు. ఆ ధీమా చూస్తే ప్రణవికి ఒళ్లు మండింది. ఊరంతా పులి అంటుంటే వీడికేమో పెళ్లికి పోతున్నంత కులాసా!

పైకి చేరేసరికి సీసాల్లో నీళ్లు సగం కూడా లేవు. ఉన్నవి కూడా వేడెక్కిపోయాయి. కాసేపు కూర్చుందామంది ప్రణవి. ఎండ ముదురుతుందన్నాడు మహిధర్. హెల్మెట్ బిగించుకుని ముందు తనే సైకిల్‌ను దిగుడులోకి దూకించాడు.

ఒక్క మేక అడ్డం రాలేదు. ఎక్కడా ఆగలేదు. ఆఖరి మలుపు దాటి రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు.

దానికి జవాబుగా పైనుంచి ప్రణవి అరుపు వినబడింది.

మహిధర్ పైకి ఉరికాడు, కార్తీక్ వెనక నుంచి దిగొచ్చాడు. దారి పక్క ఒర్రెలో, వాననీళ్లు కోసిన మనిషిలోతు గుంతలో పడి ఉంది ఆమె. సైకిల్ ఇంకెక్కడో ఉంది. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. మహిధర్ చొక్కా విప్పి గట్టిగా కట్టాడు. రెండు నిమిషాల్లో అదీ ఎర్రబడింది. ఇద్దరూ కలిసి లేపబోయారు. కాళ్ల కింద మొరం జారిపోతోంది. ఆమె కళ్లు తేలవేసింది.

ముగ్గురి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు.

"ఓ కాకా! ఎవరన్న ఉన్నరా!" గొంతు పగిలేలా అరిచాడు కార్తీక్. నిరుడు అతని కాలు మడతపడితే నాలుగు దిక్కుల నుంచీ కాపరులు ఉరికొచ్చారు. భుజాల మీద ఎక్కించుకుని కిందికి దించారు. ఇప్పుడు ఎంత అరిచినా పలికేవాళ్లు లేరు.

"నేను ఊళ్లెకు పోయి మందిని తీసుకొస్త. నువ్వీడనే ఉండు" అన్నాడు మహిధర్, కార్తీక్‌తో.

కళ్లు తెరిచిన ప్రణవి మహిధర్ చెయ్యి వదల్లేదు. "పులొస్తేనో?"

"రాదు."

"నీకెట్ల తెలుసు?"

మహిధర్ ఆమె కళ్లలోకి చూడలేదు. "రాదన్న గదా!" అని కసిరి, చెయ్యి విడిపించుకుని పరుగెత్తాడు.

ఊళ్లో దొడ్ల నిండా మేకలు ఆకలికి ఒకటే అరుపు. వేపచెట్టు కింద మగవాళ్లంతా గొడ్డళ్లు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మహిధర్ అంబులెన్సుకు ఫోన్ చేశాడు. బండి వస్తుంది, కానీ రోడ్డు దాకానే. గుట్ట మీంచి మోసుకు రావాల్సింది మనుషులే.

"ఒక మంచం, నలుగురు మనుషులు చాలు తాతా. నెత్తురు ఆగుతలేదు. మా దోస్తు సచ్చిపోతది" అని ముసలి కాపరి ఎంకయ్య కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

ఎంకయ్య తల అడ్డంగా ఊపాడు. "మేత లేక దొడ్లె మేకపిల్లలు సస్తున్నయి కొడుకా. అయినా మందను ఇడుస్తలేము. మాకు మాత్రం పెండ్లాం పిల్లలు లేరా? ఫారెస్టోళ్లు రానీ. అప్పటిదాంక ఎవ్వలం గుట్టెక్కం."

"గా వీడియో పెట్టినోడెవడో గానీ సల్లగుండాలె" అన్నాడు ఎంకయ్య కొడుకు మల్లేశ్వర్. "లేకుంటే ఈపాటికి మా అందర్ల ఎవన్నో ఒకన్ని పులి ఎత్తుకపోయేది."

"పులి లేదు! నమ్మున్రి, అక్కడ పులి లేదు!"

మల్లేశ్వర్ గొడ్డలి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. "లేదని నీకెట్ల ఎర్క?"

అందరూ అతని వైపే చూస్తున్నారు. నడినెత్తిన ఎండ. ఒర్రెలో ప్రణవికి నీడ కూడా లేదు.

మహిధర్ రెండు చేతులూ జోడించాడు. "మీ మేకలు మా సైకిళ్లకు అడ్డం రావద్దని, యాడిదో పులి వీడియోను ఈ గుట్టదే అని మీ గ్రూపుల పెట్టిపిచ్చింది నేనే."