ఇరవై చుక్కలు

అశోక్‌నగర్‌లోని ఆ హాస్టల్ గేటుకు అడ్డంగా ట్రంకుపెట్టె దింపుకొని నిలబడ్డాడు వాచ్‌మన్ దుర్గయ్య.

"పెద్దాయనా, జర జరుగుర్రి" అంది రేణుక. అసలే ఆమె హడావిడిలో ఉంది.

"పోతున్ననమ్మా. పనిలకెళ్లి తీసేసిన్రు" అన్నాడాయన, అదేదో పక్కింటి సంగతైనట్టు. "ఫారాలు నింపిచ్చుకున్న మేడమ్‌వు నువ్వే కద. మా పోరగాండ్లు పాసైతరా?"

"అది చూద్దామనే వచ్చిన" అంటూ మెట్లెక్కేసింది. ఎక్కడికి పోతున్నావని అడగాలని తోచనే లేదు.

ఆమెది స్టాటిస్టిక్స్‌లో పరిశోధన. గ్రూప్స్‌కు చదివే రెండొందల మందిని నిద్ర, తలనొప్పి, చదివే గంటలు, మాక్ టెస్టు మార్కులు, ఇలా పన్నెండు సంగతులు అడిగింది. అన్నీ కలిపి చూసి, దగ్గరి పోలికలున్న వాళ్లను కంప్యూటర్ గుంపులు కట్టింది. తెర మీద మనిషికో చుక్క. ఈ హాస్టల్ కుర్రాళ్లు ఇరవై మందీ అందరికీ దూరంగా ఒక్కచోట చేరారు. నిద్ర ఎక్కువ, తలనొప్పులు తక్కువ, మార్కులు మెరుగు. పరీక్షించి చూస్తే, అది గాలివాటం తేడా కాదనే తేలింది.

"కారణం దొరక్కపోతే ఆ ఇరవైని తీసెయ్" అన్నారు గైడు. ఆ ఇరవై మందే ఆమె మూడేళ్ల కష్టానికి ప్రాణం.

పైన శ్రీశైలం అనే కుర్రాడు నవ్వాడు. "మా దగ్గర ఏముందక్కా, పరేషాన్ తప్ప. రోజూ రాత్రి పదకొండుకు కరెంట్ పోతది. తెల్లారి నాలుగున్నరకు వస్తది. చేసేదేం లేక మేడ మీద పండుకుంటం."

"గల్లీ అంత పోతదా?"

"లే, మాకే. ఎలక్ట్రీషియన్ వచ్చి లైన్ల ఫాల్టే లేదన్నడు. వాచ్‌మన్‌నేమో ఎన్నిసార్లు అడిగినా నవ్వుతడు. అందుకే ఓనర్‌తోటి కొట్లాడి తీసేపిచ్చినం."

హమ్మయ్య, కారణం దొరికింది. 'కరెంటు కోత' అని రేణుక సంబరంగా రాసుకుంది.

వారం తిరక్కుండానే శ్రీశైలం ఫోన్ చేశాడు.

"అక్కా, వాచ్‌మన్ పోయినకాంచి కరెంట్ ఒక్కనాడు పోలే."

"మంచిదే కదా?"

"ఏం మంచిది. మూడింటిదాంక ఎవ్వడు పండుకుంటలేడు. అందరికీ తలకాయ నొప్పే. ఆయన్ను దేవులాడుతున్నం. చిక్కడపల్లి, నారాయణగూడ అంత తిరిగినం. దొరికేదాంక ఆయన లెక్కనే మెయిన్ స్విచ్ ఇగ నేనే బంద్ చేస్త."

ఆ రోజు గేటు దగ్గర ఆయన్ను ఒక్కమాటైనా అడగనందుకు రేణుకకు చచ్చేంత సిగ్గేసింది.

ఫోన్ పెట్టేసి, కారణమన్న చోట 'కరెంటు కోత'ను కొట్టేసి, 'రోజూ పదకొండుకు మెయిన్ స్విచ్ ఆపి, తిట్లు తిని, పిల్లలను నిద్రపుచ్చిన వాచ్‌మన్ దుర్గయ్య' అని రాసింది.