అక్క వీపు వెనక

బొమ్మలో కత్తి పైకి లేచే ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా కిందికి దిగదు.

కత్తి పట్టుకున్నవాడు సిపాయి. వాడి ముందు ఒక ఆడమనిషి రెండు చేతులూ చాచి నిలబడి ఉంటుంది. ఆమె వెనక ఒక చిన్నపిల్ల, కళ్లు గట్టిగా మూసుకుని.

ఈ రంగుల బొమ్మ వేలాడే అంత పెద్ద మ్యూజియంలో జనమంతా ఎగబడేది పై అంతస్తులో రాణిగారి బొమ్మ కోసం. మా అక్కకి మాత్రం ఈ బొమ్మంటే ప్రాణం. సూపర్‌వైజర్‌ని కాకాపట్టి మరీ ఈ గదిలో కాపలా డ్యూటీ వేయించుకుంది.

"రాణిగారికేం, హాయిగా నవ్వుతూ కూర్చుంది," అనేది. "తోడు కావాల్సింది ఈమెకి."

మొదటిసారి చూపించినప్పుడు నేను నోరు తెరిచాను. "అక్కా, ఇది నువ్వే కదా!"

చిన్నప్పుడు నాన్న బెల్టు విప్పితే చాలు, అక్క ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి నాకు అడ్డం నిలబడేది. అచ్చం ఇలాగే, చేతులు చాచి. చూస్తే బక్కప్రాణి. ఆ చేతులకి అంత పొడవు ఎక్కణ్ణుంచి వచ్చేదో!

బెల్టు కొక్కెం తగిలి అక్క కనుబొమ మీద పడిన గంటు ఇప్పటికీ ఉంది. నా ఒంటి మీద ఒక్క గీత లేదు.

పెళ్లయ్యేదాకా లేదు.

మా ఆయన బెల్టు జోలికి పోడు. ఏది చేతికందితే అదే. కుక్కర్ మూత, ఇస్త్రీపెట్టె, కుర్చీ కాలు. "బంగారంలాంటి మనిషి," అనేవాళ్లు వీధిలో. వాళ్లకేం, వాళ్ల వీపు కాదుగా.

పక్కటెముక విరిచిన మర్నాడు అక్క దగ్గరికి వచ్చేశాను. ఆ ఒంటిగదిలో నన్ను ఒక్కదాన్నే వదలడానికి అక్కకి మనసొప్పలేదు. తనతోపాటు డ్యూటీకి తీసుకుపోయేది.

"నా కళ్ల ముందుండు. వాణ్ణి రానీ, చెప్తా."

నేను బొమ్మ ఎదురుగా బెంచీ మీద కూర్చునేదాన్ని. అన్నాళ్లకి కంటినిండా నిద్రపోయింది ఆ బెంచీ మీదే.

అక్క ఉద్యోగంలో ఒక కసరత్తు ఉంది. మ్యూజియం మూసి ఉన్న రోజున సూపర్‌వైజర్ ఏ కర్రో పట్టుకుని ఉన్నట్టుండి బొమ్మ మీదికి ఉరుకుతాడు. కాపలావాళ్లు అంతకంటే ముందే ఉరికి, బొమ్మకి వీపు పెట్టి, చేతులు చాచి నిలబడాలి. ఆలోచించకూడదు. ఆలోచించారా, బొమ్మ పోయినట్టే.

అందులో అక్కని కొట్టేవాళ్లు లేరు.

"ఇది నాకొకళ్లు నేర్పాలా?" అని నవ్వేది.

ఒకరోజు మా ఆయన రానే వచ్చాడు. నున్నగా తల దువ్వుకుని, బుద్ధిగా టికెట్ తీసుకుని వచ్చాడు.

"నడు ఇంటికి."

"రాను."

గేటు దగ్గర తనిఖీ చేస్తారు కాబట్టి చేతుల్లో ఏమీ లేదు. కానీ బొమ్మల ముందు జనాన్ని ఆపే తాడుకి ఇత్తడి కడ్డీలుంటాయి. ఒక్కోదాని అడుగున బరువైన దిమ్మ.

జుట్టు పట్టి నన్ను బెంచీ మీంచి ఈడ్చాడు. రెండో చేత్తో కడ్డీ లేపాడు.

"అక్కా!"

అక్క గుమ్మం దగ్గరుంది. తిరిగి చూసింది. ఉరికింది. ఎంత వేగంగా ఉరికిందో! హమ్మయ్య అనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను.

అక్క నన్ను దాటి వెళ్లిపోయింది.

బొమ్మకి వీపు పెట్టి, చేతులు చాచి నిలబడింది.

దిమ్మ నా దవడ మీద పడింది. పళ్లు ఊడి నేల మీద దొర్లాయి. రెండో దెబ్బకి భుజం విరిగిన చప్పుడు నాకే వినబడింది. రక్తం కారుతున్న కంటితో అటు చూశాను. ఇద్దరు ఆడవాళ్లు చేతులు చాచి నిలబడి ఉన్నారు, ఒకరి వెనక ఒకరు.

మూడో దెబ్బకి అక్క తన చేతుల వంక చూసుకుంది.

ఆ అరుపు మనిషి అరుపులా లేదు. వాడి మీదికి దూకి చెవి పళ్లతో పట్టుకుంది. నలుగురు లాగితేగానీ వదల్లేదు. వదిలినప్పుడు సగం చెవి అక్క నోట్లోనే ఉంది.

బొమ్మ మీద రక్తపు చుక్క కూడా పడలేదట. సూపర్‌వైజర్ ఆస్పత్రికొచ్చి, నా మంచం పక్కనే, "శభాష్" అంటూ చెయ్యి చాచాడు. అక్క జేబులోంచి చెయ్యి తియ్యలేదు.

నా దవడకి తీగలు కట్టారు. నేను మాట్లాడలేను, అక్క మాట్లాడదు. చెంచాతో పాలు పట్టేది, నా కళ్లలోకి చూడకుండా.

కోపం లేదా అంటే ఉంది. ఒళ్లు మండిపోయేంత ఉంది. కానీ ఆ గంటు పడిన కనుబొమ చూస్తూ ఎంతసేపని మండిపోను?

అక్క ఆ గది వదిలేసి, పగిలిన కుండల గదికి డ్యూటీ మార్పించుకుంది. ఆ బొమ్మ ఊసే ఎత్తలేదు.

నా తీగలు విప్పారు. వాడికి బెయిలొచ్చింది.

పొద్దున్నే అక్క డ్యూటీకి తయారవుతుంటే తలుపు చప్పుడైంది.

"వదినగారూ, ఒక్క మాట చెప్పి పోతానండీ." గొంతులో తేనె కారుతోంది.

అక్క గడియ మీద చెయ్యేసి బిగపట్టింది.

ఒక్క తన్ను. ఇంకో తన్ను. పై గడియ మేకులతో సహా ఊడిపడింది. అక్క వెనక్కి తూలింది. ముందు కత్తి లోపలికొచ్చింది, తర్వాత సగం చెవి.

అక్క చేతులు చాచింది.

కత్తి పైకి లేచింది.

అంత దగ్గర కత్తి పెట్టుకుని, అక్క తల వెనక్కి తిప్పింది. తన వెనక ఏముందో చూసుకుంది.

"నేనే అక్కా," అన్నాను. "నువ్వు ముందుకి చూడు."